ఎడమామె ఇంట్లో చేస్తే ఇజకాయా రుచి రావడం లేదు, ఉప్పు లెక్క, టైము చెప్పండి

విభాగం: జపాన్‌లో మన వంటిల్లు

గోదారి గట్టు | జూలై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము టోక్యోలో ఎడోగావా వైపు ఉంటాం, వచ్చి పది నెలలైంది. నేను పూర్తి శాకాహారిని. ఇక్కడ బయట తినడమంటే నాకు పెద్ద టెన్షన్. సూపులో దషి (చేపతో కాచిన రసం), కూరలో దషి, చివరికి పాలకూర మీద కూడా చేప తురుము చల్లి ఇస్తారు. మావారి ఆఫీసు వాళ్ళతో మొదటిసారి ఇజకాయాకి (మద్యంతోపాటు చిరుతిళ్ళు పెట్టే హోటల్) వెళ్ళినప్పుడు బల్ల మీద ఉన్నవాటిలో నేను అనుమానం లేకుండా తిన్నది ఎడమామె ఒక్కటే. పచ్చి సోయా కాయల్ని ఉప్పేసి ఉడికించి ఇస్తారు కదా, అదే. గోరువెచ్చగా, కాస్త తియ్యగా, వేలికి ఉప్పు అంటుకుంటూ ఎంతో బాగుంది. ఆ రాత్రి రెండు గిన్నెలు నేనే తిన్నాను.

ఇప్పుడు సీజన్ కదా, సూపర్‌మార్కెట్లో ఎక్కడ చూసినా అవే కాయలు. తెచ్చి వేరుశనక్కాయల్లాగే కుక్కర్లో ఉప్పేసి మూడు విజిల్స్ రానిచ్చాను. కాయలు ఆకుపచ్చ పోయి గోధుమరంగుకి తిరిగాయి. గింజ ముద్దయిపోయింది. పైన ఉప్పగా, లోపల చప్పగా ఉంది. రెండోసారి మామూలు గిన్నెలో పావుగంట ఉడికించాను. రంగు కొంచెం నయం, రుచి మాత్రం అంతే.

ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, ఎంత వెయ్యాలి? ఎంతసేపు ఉడకాలి? కాయ మీద నూగు అలాగే ఉంటే ఫరవాలేదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సుమిదా తీరం | జూలై 6, రాత్రి 10:25

అక్కా, కుక్కర్ వద్దు. అసలు మూతే వద్దు. నేను 14 ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మా పక్కింటి బామ్మగారు నేర్పిన పద్ధతి చెప్తాను, ఇక్కడ చాలా ఇళ్ళలో ఇలాగే చేస్తారు.

లెక్క సులువు. లీటరు నీళ్ళకి 40 గ్రాముల ఉప్పు, అంటే 4 శాతం. ఆ నీళ్ళకి 250 నుంచి 300 గ్రాముల కాయలు. 40 గ్రాములా అని భయపడకండి, ఎక్కువ భాగం నీళ్ళతోనే వెళ్ళిపోతుంది.

కాయలు కడిగి, వంటింటి కత్తెరతో రెండు చివర్లూ కొంచెం కొంచెం కత్తిరించండి. గింజ తెగకూడదు, కొస మాత్రమే. మీరు అడిగిన 'పైన ఉప్పగా, లోపల చప్పగా' అన్నదానికి జవాబు ఇదే. కాయ మూసుకుని ఉంటే ఉప్పునీళ్ళు లోపలికి వెళ్ళే దారి లేదు. తర్వాత ఆ 40 గ్రాముల్లోంచే ఒక పెద్ద చెంచా ఉప్పు తీసి కాయల మీద వేసి, రెండు చేతులతో గట్టిగా రుద్దండి. గోరింటాకు నూరుతున్నంత గట్టిగా కాదు, బట్టలు పిండుతున్నంత. దీన్ని షియో-మొమి అంటారు. నూగు ఊడిపోతుంది, తొక్కకి ఉప్పు పడుతుంది, రంగు కూడా నిలుస్తుంది. పది, పదిహేను నిమిషాలు అలా వదిలెయ్యండి.

నీళ్ళు తెర్లుతున్నప్పుడు మిగిలిన ఉప్పు వేసి, కాయల్ని ఆ రుద్దిన ఉప్పుతో సహా, కడక్కుండా, అందులో వెయ్యండి. మూడున్నర నిమిషాలకి ఒకటి తీసి కొరికి చూడండి. నాలుగు, మహా అయితే ఐదు నిమిషాలు. 'ఇంకొంచెం ఉడికితే బాగుండు' అనిపించినప్పుడే దించెయ్యాలి, ఎందుకంటే వార్చిన తర్వాత కూడా ఆ వేడికి ఉడుకుతూనే ఉంటాయి.

వార్చాక చన్నీళ్ళు పొయ్యకండి. పోస్తే పట్టిన ఉప్పు కడుక్కుపోతుంది, గింజ నీరు తాగుతుంది. వెదురు జల్లెడలో పలచగా పరిచి విసనకర్రతో విసరండి. మా బామ్మగారు ఆ ఐదు నిమిషాలూ విసురుతూనే ఉంటారు, రంగు కోసం. ఫ్యాన్ కింద పెట్టినా చాలు.

మదనపల్లె మావి | జూలై 6, రాత్రి 11:10

మాది చిత్తూరు వైపు. ఇది చదువుతుంటే నాకు అనపకాయలే గుర్తొచ్చాయి. సంక్రాంతి రోజుల్లో మా ఇంట్లో అనపకాయలు, కందికాయలు కాయ పళంగా ఉప్పేసి ఉడకబెట్టేవాళ్ళు. అందరం గుండ్రంగా కూచుని కాయ నొక్కితే గింజ నోట్లోకి జారేది. ఎడమామె మొదటిసారి తిన్నప్పుడు నా చేతికి ఆ పని ముందే తెలిసినట్టనిపించింది.

కానీ అన్నా, మన కందికాయలకి కూడా అమ్మ చివర్లు కత్తిరించేది కాదు, అయినా ఉప్పు పట్టేది. ఉడికాక ఆ ఉప్పునీళ్ళలోనే చాలాసేపు వదిలేసేది, అందుకేమో. ఎడమామెకి అలా చెయ్యకూడదా?

సుమిదా తీరం | జూలై 6, రాత్రి 11:32

చెయ్యొచ్చు తమ్ముడూ, కానీ వేడినీళ్ళలో వదిలేస్తే మెత్తబడిపోతాయి. కందిగింజ తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. ఎడమామెలో అసలు సుఖం ఆ పలుకులోనే ఉంది. పంటికి తగలాలి.

వంటింటి కెమిస్ట్రీ | జూలై 7, ఉదయం 7:15

నేను త్సుకుబాలో ఆహార రసాయన శాస్త్రం మీద పని చేస్తున్నాను, అందుకని ఇందులో నాకు తెలిసింది కొంచెం.

కుక్కర్లో రంగు ఎందుకు పోయిందంటే, కాయలు ఉడికేటప్పుడు వాటిలోని ఆమ్లాలు బయటికొస్తాయి. మూత పెట్టి ఎక్కువసేపు, ఎక్కువ వేడిలో ఉంచితే ఆ ఆమ్లాలు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తోసేస్తాయి. పచ్చ రంగు పోయి ఆలివ్ రంగు, తర్వాత గోధుమరంగు వస్తుంది. మూత లేకుండా, ఎక్కువ నీళ్ళలో, తక్కువ సమయం ఉడికిస్తే ఆ అవకాశం తగ్గుతుంది. తోటకూరకి మన పెద్దవాళ్ళు మూత పెట్టొద్దనేదీ ఇందుకే.

ఇక రుచి. ఎడమామె, ఎండు సోయా రెండూ ఒకే మొక్క గింజలే, వయసు తేడా అంతే. లేతగా ఉన్నప్పుడు గింజలో పంచదార (సుక్రోజ్) ఎక్కువ, కాస్త పిండిపదార్థం కూడా ఉంటుంది. ముదిరాక ఆ పిండిపదార్థం దాదాపు మిగలదు. లేత గింజని వేడి చేస్తున్నప్పుడు అందులోని ఎంజైమ్ ఒకటి ఆ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. అందుకే పచ్చిదానికన్నా ఉడికింది తియ్యగా ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లం వల్ల ఆ కమ్మదనం. జపాన్ వాళ్ళు ఉమామి అనేది అదే.

అయితే ఈ తీపి, కమ్మదనం కాయ కోసినప్పటి నుంచే తగ్గడం మొదలవుతుంది. కోశాక కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది, దానికి ఖర్చయ్యేది ఆ చక్కెరే. ఎండాకాలం బయట ఒక్కరోజు ఉంటే నాలుకకి తెలిసిపోయేంత పోతుంది. 'ముందు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, తర్వాత తోటలోకి వెళ్ళు' అని ఇక్కడి రైతులు అంటారు. కాబట్టి గోదారి గట్టు గారూ, మీ రెండో ప్రయత్నంలో తప్పు సగం మీది కాకపోవచ్చు. ఆ కాయలు ఎప్పుడు కోసినవో?

ఇంకొక ముఖ్యమైన మాట. పచ్చిగా మాత్రం తినకండి. పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ ఇన్హిబిటర్ ఉంటుంది. వేడికి చాలావరకు పోతుంది. నాలుగైదు నిమిషాలు తెర్లే నీళ్ళలో ఉడికిన లేత కాయలకి భయం లేదు.

గోదారి గట్టు | జూలై 7, మధ్యాహ్నం 1:05

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. నేను కొన్నవి సాయంత్రం ధర తగ్గించి స్టిక్కర్ వేసిన ప్యాకెట్. ఫ్రిజ్‌లో ఇంకో రెండు రోజులు ఉంచాను. ఇప్పుడు అర్థమైంది.

మంచివి ఎలా గుర్తుపట్టాలి?

షోనాయ్ మంచు | జూలై 7, సాయంత్రం 6:50

నేను యమగతాలో నాలుగేళ్ళు ఉన్నాను, అక్కడి అనుభవంతో చెప్తాను.

వీలైతే కొమ్మతో ఉన్నవి కొనండి. ఎడ అంటే కొమ్మ, మామె అంటే గింజ, పేరులోనే ఉంది. కొమ్మ మీద ఉన్నంతసేపూ తీపి నిదానంగా తగ్గుతుంది. కాయ మీద నూగు నిలబడి ఉండాలి, రంగు ముదురు పచ్చగా ఉండాలి, లోపల గింజలు ఉబ్బి కనపడాలి. కాయ పసుపుకి తిరిగితే ముదిరినట్టు. గింజ మరీ నిండుగా, కాయ పగిలేట్టు ఉన్నా తీపి తగ్గిపోయినట్టే. ఇంటికి తెచ్చిన రోజే ఉడికించండి. తినడం రేపైనా సరే, ఉడకబెట్టడం మాత్రం ఇవాళే.

ఇప్పుడు నా అభిమాన విషయం. ఆగస్టు వచ్చాక దదచా-మామె అని రాసి ఉన్న ప్యాకెట్ కనబడితే వదలకండి. యమగతాలో త్సురుఓకా అనే ఊరి చుట్టుపక్కల పండుతుంది. కాయ చూడ్డానికి అందంగా ఉండదు. నూగు గోధుమరంగు, నడుము సన్నంగా నొక్కుకుపోయినట్టు ఉంటుంది, చాలా కాయల్లో రెండే గింజలు. కానీ ఉడుకుతున్నప్పుడు వచ్చే వాసన ఉంది చూశారూ, మొదటిసారి నాకు ఇంట్లో అన్నం వండుతున్నారేమో అనిపించింది.

దదచా అంటే ఆ ఊరి యాసలో నాన్న. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన షోనాయ్ ప్రభువుకి ఈ గింజలంటే ఇష్టమట. రోజూ 'ఇవాళ ఇవి ఏ దదచా పండించినవి?' అని అడిగేవాడట, అలా ఆ పేరొచ్చిందని అక్కడ అందరూ చెప్తారు. నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన కూడా ఈ కథ ఏడాదికోసారి చెప్పేవాడు, నేను ప్రతిసారీ కొత్తగానే వినేవాణ్ణి.

ఒక్క విషయంలో సుమిదా అన్నతో నేను ఏకీభవించను. దదచా-మామెకి చివర్లు కత్తిరించకండి. కత్తిరిస్తే ఆ వాసన, రుచి నీళ్ళలోకి పోతాయి. త్సురుఓకాలో నేను చూసిన ఇళ్ళలో ఎవరూ కత్తిరించలేదు. నీళ్ళలో బాగా రుద్ది కడిగి, మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, వార్చి, వేడి మీద కాస్త ఉప్పు చల్లుతారు. అంతే.

వంటింటి కెమిస్ట్రీ | జూలై 7, రాత్రి 8:20

షోనాయ్ మంచు గారూ, మీకు అన్నం వాసన అనిపించడం ఊహ కాదండీ. దదచా-మామె వాసనలో ముఖ్యమైనది 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చేదీ అదే.

సుమిదా తీరం | జూలై 7, రాత్రి 9:00

దదచా-మామె విషయంలో మీ మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. దాని వాసన పోగొట్టుకోవడం నష్టమే. కానీ మామూలు సూపర్‌మార్కెట్ కాయలకి అంత వాసన ఎక్కడుంది? వాటికి ఉప్పే ప్రాణం. అవి కత్తిరించే చేస్తాను.

డల్లాస్ పెరడు | జూలై 8, ఉదయం 4:30

అమెరికా నుంచి చదువుతున్నాను. మాకు ఇక్కడ తాజా కాయలు దొరకడం కష్టం, ఫ్రీజర్ ప్యాకెట్టే గతి. నా అనుభవం ఏంటంటే, ఫ్రోజెన్‌వి ఫ్యాక్టరీలో ముందే ఒకసారి ఉడికించినవి. ప్యాకెట్ వెనక చూస్తే చాలావాటికి ఉప్పు కూడా వేసి ఉంటుంది. వాటిని మళ్ళీ ఐదు నిమిషాలు ఉడికిస్తే గింజ పిప్పి అవుతుంది. నేను పెద్ద పెనంలో పావు కప్పు నీళ్ళు పోసి, కాయలు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు పెద్ద మంట మీద ఉంచుతాను. తర్వాత మూత తీసి నీరంతా ఇగిరేదాకా కలుపుతూ, చివర్లో గళ్ళుప్పు చల్లుతాను. తొక్క మీద అక్కడక్కడా నల్ల మచ్చలు పడేదాకా ఉంచితే మొక్కజొన్న పొత్తు కాల్చినప్పటి వాసన వస్తుంది. మా పిల్లలకి అలాగే ఇష్టం.

జపాన్‌లో కూడా ఫ్రోజెన్‌వి వాడతారా?

సుమిదా తీరం | జూలై 8, ఉదయం 8:10

బాగా వాడతారండీ. ఇజకాయాల్లో ఏడాది పొడుగునా దొరికేవి ఎక్కువగా అవే. తైవాన్, చైనా, థాయ్‌లాండ్‌ల నుంచి వస్తాయి. తైవాన్‌వి బాగుంటాయి. మీరు చెప్పిన పెనం పద్ధతి ఇక్కడ తాజా కాయలకి కూడా చేస్తారు. పెనంలో కాయలు, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, మూత పెట్టి నాలుగైదు నిమిషాలు. నీళ్ళు తక్కువ కాబట్టి రుచి బయటికి పోదు. రంగు కొంచెం తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు నేనూ ఇదే చేస్తాను.

చంటిపిల్ల అమ్మ | జూలై 8, ఉదయం 10:45

గోదారి గట్టు అక్కా, మీరు శాకాహారి అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఇజకాయాలో మామూలు ఉప్పు ఎడమామె ఫరవాలేదు కానీ, ఈమధ్య రకరకాలు పెడుతున్నారు. దషిలో నానబెట్టినవి ఉంటాయి, చూడ్డానికి తేడా తెలీదు. వెల్లుల్లి, మిరపకాయ వేసినవాటిలో కూడా ఒక్కోచోట చేప పొడి కలిపిన ఉప్పు వేస్తారు. 'షియో-యుదే' అని ఉంటే ఉప్పునీళ్ళలో ఉడికించినదని అర్థం. అడిగి తీసుకోండి.

ఇంకో విషయం. ఇంట్లో చిన్నపిల్లలుంటే గింజ అలాగే ఇవ్వకండి. మా పాపకి రెండేళ్ళు, నేను గింజ మీద పలచటి పొర తీసేసి, వేళ్ళతో నలిపి పెడతాను. నున్నగా ఉంటుంది కదా, నవ్వుతూ తింటే గొంతులోకి జారిపోతుంది. వేయించిన గట్టి గింజల సంగతైతే ఇక్కడి వినియోగదారుల సంస్థే చెప్పింది, ఐదేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకి పెట్టొద్దని. సెత్సుబున్ (వేయించిన సోయా గింజలు విసిరే పండగ) అప్పుడు మా డేకేర్ వాళ్ళు చీటీ కూడా పంపారు.

పెన్నా పిల్ల | జూలై 8, మధ్యాహ్నం 12:20

సెత్సుబున్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఫిబ్రవరిలో ఇచ్చే ఆ వేయించిన సోయా గింజలు ఇంట్లో చెయ్యొచ్చా? మా నెల్లూరులో బఠాణీలు, శనగలు వేయించి అమ్మే కొట్టు ముందు నుంచి వెళ్తే వచ్చే వాసన ఆ గింజల్లో ఉంది. టీ టైముకి ఒక గుప్పెడు ఉంటే చాలనిపిస్తుంది.

సుమిదా తీరం | జూలై 8, సాయంత్రం 7:30

చెయ్యొచ్చు. వాటిని ఇరిమామె అంటారు. ఎండు సోయా గింజలు కడిగి రాత్రంతా నానబెట్టండి. వార్చి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే పొట్టు పేలి చిట్లుతుంది. ఒవెన్ ఉంటే 160 డిగ్రీల్లో ఒకే వరసగా పరిచి 30 నుంచి 40 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కదపండి. మూకుడులో అయితే సన్నమంట మీద కలుపుతూనే ఉండాలి, 20 నిమిషాలు పైనే పడుతుంది. దించబోయే ముందు రెండు చెంచాల నీళ్ళలో అర చెంచా ఉప్పు కరిగించి చిలకరించి, ఆ తడి ఆరేదాకా వేయించండి. ఉప్పు తెల్లగా గింజకి పూత పడుతుంది. చల్లారాకే కరకర వస్తుంది, వేడిలో మెత్తగా ఉన్నాయని ఇంకా వేయిస్తే చేదెక్కుతాయి.

సెత్సుబున్ నాడు (ఫిబ్రవరి 3, కొన్నేళ్ళు 2న) 'ఓని వా సోతో, ఫుకు వా ఉచి' అంటూ విసురుతారు. అంటే దెయ్యాలు బయటికి, భాగ్యం లోపలికి. తర్వాత ఎన్నేళ్ళుంటే అన్ని గింజలు తింటారు. ఆ గింజలు వేయించినవే ఎందుకంటే, విసిరిన పచ్చి గింజ ఎక్కడైనా మొలకెత్తితే అశుభమని నమ్మకం.

ఇందూరు చేను | జూలై 9, ఉదయం 6:15

అందరికీ నమస్తే. మాది నిజామాబాద్ జిల్లా. మేము ఏటా వానాకాలం మూడెకరాల్లో సోయా వేస్తాం. చెల్లెలు ఒసాకాలో ఉంటుంది, ఆమె ఈ చర్చ పంపింది. నాకు ఒక మాట చెప్పండి. మేము పండించేది నూనె గింజ. చేను ఎండినాక కోసి, నూర్పిడి చేసి మార్కెట్‌కి పంపుడే. పచ్చికాయ తినొచ్చని ఇంతవరకు మాకెవరూ చెప్పలేదు. మేము కందికాయలు ఉడకపెట్టుకుంటాం, పచ్చి పల్లికాయ ఉడకపెట్టుకుంటాం, పెసరకాయ పచ్చిదే తింటాం. సోయా మాత్రం పశువుల దాణాకి, నూనె మిల్లుకి అన్నట్టే చూసినం. మా చేనులో కాయ కూడా ఇట్లా తినొచ్చా? లేక అది వేరే జాతా?

వంటింటి కెమిస్ట్రీ | జూలై 9, ఉదయం 8:00

అన్నా, తినొచ్చు. మొక్క ఒకటే. ఎడమామె కోసం జపాన్‌లో పెంచే రకాలకి గింజ పెద్దది, తీపి ఎక్కువ, పచ్చి వాసన తక్కువ, ఆ లక్షణాల కోసమే తరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. నూనె గింజ రకాలకి గింజ చిన్నదిగా ఉంటుంది, తీపి తక్కువ, కొంచెం పచ్చి వాసన తెలుస్తుంది. కానీ హాని లేదు.

కాయలో గింజ నిండుతూ, ఇంకా ఆకు పచ్చగా ఉన్నప్పుడు కొయ్యాలి. మీరు జూన్‌లో విత్తి ఉంటే ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో చూడండి. గింజ కాయలో ముప్పాతిక పైన నిండి, కాయ గట్టిగా తగిలితే సరైన సమయం. అలా వారం, పది రోజులే ఉంటుంది. ముఖ్యంగా, మందు కొట్టిన చేనైతే డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా ఒక్క కాయ కూడా ముట్టొద్దు. ఇంటికోసం ఒక మూల నాలుగు సాళ్ళు మందు లేకుండా వదులుకుంటే నయం.

కూరగాయ సోయా అని మన దేశంలో కూడా రకాలు వచ్చాయి. రాంచీలోని ఐసీఏఆర్ పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వసుంధర, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కరుణె.

ఇందూరు చేను | జూలై 9, ఉదయం 8:40

మంచి మాట చెప్పినవ్ తమ్ముడూ. బోరు పక్కన మూల వదుల్తా. సెప్టెంబర్‌ల మళ్ళీ వచ్చి చెప్తా.

కృష్ణా కరకట్ట | జూలై 9, రాత్రి 9:15

మా మామయ్యగారికి బీపీ. ఆగస్టులో మా దగ్గరికి (యోకొహామా) వస్తున్నారు. లీటరుకి 40 గ్రాములంటే పెట్టడానికి భయంగా ఉంది.

సుమిదా తీరం | జూలై 9, రాత్రి 9:50

వారికోసం ఉప్పు లేని నీళ్ళలో విడిగా ఉడికించండి వదినా. చివర్లు కత్తిరించకండి, ఉప్పుతో రుద్దకండి, మామూలుగా కడగండి చాలు. తినేటప్పుడు నిమ్మచెక్క పిండి, కాస్త మిరియాల పొడి చల్లితే ఉప్పు లేదన్న వెలితి తెలీదు. కాయలు మంచివైతే ఏమీ లేకపోయినా బాగుంటాయి. ఎంత ఉప్పు తినొచ్చో మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే.

వంటింటి కెమిస్ట్రీ | జూలై 9, రాత్రి 10:10

పెద్దవాళ్ళకి చాలా మంచిదండీ. ఉడికిన గింజలు 100 గ్రాముల్లో 11 గ్రాములకి పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఫోలేట్ బాగా ఉంటుంది. శాకాహారులకి ఇక్కడ ఇంత చవగ్గా, ఇంత సులువుగా దొరికేది ఇంకోటి చెప్పడం కష్టం. సోయా ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం దీనికీ దూరంగా ఉండాలి. కాయ పచ్చగా ఉన్నంత మాత్రాన ఇది చిక్కుడు కాదు, సోయానే.

గోదారి గట్టు | జూలై 20, రాత్రి 8:30

చేశాను! రెండుసార్లు చేశాను, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

మొదటిసారి సూపర్‌మార్కెట్‌లో ఆ ఉదయం పెట్టిన ప్యాకెట్. చివర్లు కత్తిరించడానికే 20 నిమిషాలు పట్టింది, టీవీ చూస్తూ మావారూ నేనూ చెరొక కత్తెర పట్టుకున్నాం. ఉప్పు తూకం వేసి 40 గ్రాములే వేశాను. నాలుగు నిమిషాలకి దించాను. రంగు చూసి నాకే నమ్మకం కలగలేదు, అద్దకం వేసినట్టు పచ్చగా ఉన్నాయి. ఉప్పు లోపలి దాకా పట్టింది. తీపి మాత్రం ఒక మాదిరి.

రెండోసారి ఆదివారం చిబాలోని నోదా వైపు వెళ్ళాం. సోయాసాస్ మ్యూజియం చూడ్డానికి వెళ్తే, దారిలో రైతులే అమ్మే షెడ్డులో కొమ్మలతో కట్టలు కనిపించాయి. మట్టి ఇంకా వేళ్ళకి ఉంది. ఇంటికి వస్తూనే కాళ్ళు కడుక్కోకముందే నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. అదే ఉప్పు, అదే నాలుగు నిమిషాలు. కానీ ఇది వేరే వస్తువు. మొదటి గింజ నమిలాక మావారు ఏమీ మాట్లాడలేదు, గిన్నె తన వైపు లాక్కున్నారు.

ఇజకాయా రుచి ఎందుకు రావడం లేదని మొదలుపెట్టాను. ఇది దానికన్నా బాగుంది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మిగిలినవి ఎలా దాచాలి?

షోనాయ్ మంచు | జూలై 20, రాత్రి 9:05

చాలా సంతోషం అక్కా! ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. ఎక్కువైతే కాస్త పలుకు మీద దించి, బాగా చల్లార్చి, తడి తుడిచి, సంచిలో పలచగా పరిచి ఫ్రీజర్లో పెట్టండి. నెల రోజులు బాగుంటాయి. తినేముందు వేడినీళ్ళు ఒక్కసారి పోస్తే చాలు.

మిగిలితే జుందా కూడా చెయ్యండి. సెన్దాయ్ వైపు ప్రసిద్ధి. ఉడికిన గింజల పొర తీసి, రోట్లో బరకగా దంచి, పంచదార, చిటికెడు ఉప్పు కలిపి మోచి (జిగురు బియ్యపు ముద్ద) మీద వేస్తారు. మన పూర్ణంలా ఉంటుంది, రంగు లేతపచ్చ.

మదనపల్లె మావి | జూలై 21, ఉదయం 9:00

నేను మిగిలిన గింజలతో గుగ్గిళ్ళు చేశాను. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు, పైన పచ్చి కొబ్బరి. బాగున్నాయి. కానీ నిజం చెప్పాలంటే, మంచి కాయలు దొరికిన రోజు పోపు పెట్టబుద్ధి కాదు.

కృష్ణా కరకట్ట | ఆగస్టు 24, రాత్రి 8:10

సుమిదా అన్నయ్యా, మామయ్యగారికి మీరు చెప్పినట్టే ఉప్పు లేకుండా, నిమ్మకాయతో పెట్టాను. దదచా-మామె దొరికింది. సాయంత్రం బాల్కనీలో కూచుని ఒక్కొక్కటీ ఒలుచుకుని తింటూ, చిన్నప్పుడు చేలో కందికాయలు కాల్చుకు తిన్న సంగతులు ఒక గంట చెప్పారు. పెళ్ళై తొమ్మిదేళ్ళైంది, ఆ కబుర్లు నేను ఎప్పుడూ వినలేదు.

ఇందూరు చేను | సెప్టెంబర్ 7, సాయంత్రం 5:20

చెప్పిన ప్రకారం వచ్చిన. బోరు పక్కన మందు కొట్టని మూల నుంచి నిన్న పొద్దుగూకే ముందు కోసినం. మా అమ్మ ముందే పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. గిన్నెలో దొడ్డుప్పు వేసి రుద్దినం, నూగు చేతికి బాగా అంటింది. చివర్లు కత్తిరించి ఐదు నిమిషాలు ఉడకపెట్టినం.

గింజ చిన్నది. మీరన్నట్టు కొంచెం పచ్చి వాసన ఉంది, మొదటి రెండు కాయలకి తెలుస్తది, తర్వాత తెలీదు. తీపి ఉంది, కందికాయ కన్నా ఎక్కువ. మా నాయన 26 ఏళ్ళ నుంచి సోయా వేస్తున్నడు, మొదటిసారి నోట్ల పెట్టుకున్నడు. రెండోసారి పెట్టమన్నడు. పిల్లలు గంప ఖాళీ చేసిండ్రు.

వచ్చే వానాకాలానికి ఆ కూరగాయ రకం విత్తనం కిలో దొరికితే అర గుంట వేద్దామనుకుంటున్న. ఎవరికన్నా దారి తెలిస్తే చెప్పండి.

వంటింటి కెమిస్ట్రీ | సెప్టెంబర్ 7, రాత్రి 7:45

అన్నా, చాలా ఆనందంగా ఉంది. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో ముందు అడగండి, వాళ్ళు రాంచీకి రాసి తెప్పించగలరేమో కనుక్కోండి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలోనే ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ళ ఆఫీసు ఉంది, మీకు దగ్గర కూడా. విత్తే ముందు మీ నేలకి ఏ రకం సరిపోతుందో అడగడం మర్చిపోకండి.

షోనాయ్ మంచు | అక్టోబర్ 8, రాత్రి 9:30

సీజన్ అయిపోయిందనుకుంటున్నవాళ్ళకి: హ్యోగోలో తంబా-ససయామా నల్ల సోయా పచ్చికాయలు ఇప్పుడే మొదలయ్యాయి. అక్టోబర్‌లో కొద్ది వారాలే. గింజ బొటనవేలి గోరంత ఉంటుంది, మీద పొర నల్లబడుతూ ఊదారంగులో కనిపిస్తుంది. పాడైందని పారెయ్యకండి. దీనికి నాలుగు నిమిషాలు చాలవు, ఎనిమిది నుంచి పది పడుతుంది, కొరికి చూసి దించండి.

గోదారి గట్టు | అక్టోబర్ 8, రాత్రి 9:48

చివర్లు కత్తిరించాలా, వద్దా?

సుమిదా తీరం | అక్టోబర్ 8, రాత్రి 10:02

దీనికి కత్తిరించండి అక్కా. గింజ పెద్దది, ఉప్పు లోపలికి వెళ్ళడానికి దారి కావాలి.

షోనాయ్ మంచు | అక్టోబర్ 8, రాత్రి 10:05

దీనికి నేనూ కత్తిరిస్తాను.